మీకు తెలుసా?

ఐర్లండ్ నడిబొడ్డున, ఆఫలీ కౌంటీలో ఉన్న క్రోహన్ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతం!

ఎత్తు 234 మీటర్లే. ఎక్కితే పెద్దగా ఆయాసం కూడా రాదు. అయినా చుట్టూ కనుచూపుమేర బల్లపరుపు నేలే కావడంతో పైనుంచి కనిపించే దృశ్యం మాత్రం ఎత్తుకు మించినది. 30 కోట్ల ఏళ్లకు పూర్వం ఈ ప్రాంతమంతా వెచ్చని, లోతు తక్కువ సముద్రం. దాని అడుగున సున్నపురాయి పేరుకుంటున్న కాలంలోనే ఇక్కడ లావా ఎగజిమ్మింది. చుట్టుపక్కల సున్నపురాయి అరిగిపోయినా, గట్టి అగ్నిశిల నిలిచింది.

కొండ కింద పరుచుకున్నవి పీట్ నేలలు, అంటే సగం కుళ్లిన మొక్కలతో నిండిన చిత్తడి నేలలు. అక్కడ 2003లో కాలువ తవ్వుతుంటే ఒక మనిషి మొండెం, చేతులు బయటపడ్డాయి. తల లేదు, కాళ్లు లేవు. రెండు వేల ఏళ్లు దాటినా చర్మం, వేలిగోళ్లు చెక్కుచెదరలేదు! గాలి చొరని ఆమ్లపు నీటి మహిమ అది. చేతుల పొడవును బట్టి అతను దాదాపు ఆరున్నర అడుగుల ఆజానుబాహువని అంచనా. పొడిచి చంపారు, పై చేతులకు రంధ్రాలు చేసి చెట్టు కొమ్మలతో పేనిన తాళ్లు దూర్చారు. రాజ్యం కోసం ఇచ్చిన బలి అని కొందరు పురావస్తు నిపుణుల వాదన. ఇప్పుడతను డబ్లిన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నాడు.