దాదా చదివిన పత్రిక, దాదా చూడని భాగం

మొన్న ఒక సాయంత్రం తిరుపతిలో మగ్రిబ్ నమాజు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి మా తొమ్మిదేళ్ళ మనవడు సెల్‌ఫోన్ ముందు కూర్చొని ఉన్నాడు. కత్తుల శబ్దం, గుర్రాల సకిలింపులు వినిపిస్తున్నాయి. "ఏమిట్రా అది?" అని అడిగాను. "టిప్పు సుల్తాన్, దాదా" అన్నాడు తల తిప్పకుండానే. నేను మారుమాట్లాడకుండా వాడి పక్కన చాప మీద కూర్చున్నాను. వాడు ఫోను పక్కన పెట్టి నా ముఖంలోకి ఆశ్చర్యంగా చూశాడు. ఈ విషయంలో నేను పెట్టే కట్టుబాట్లు వాడికి తెలుసు. ఆ రోజు నేను వాడిని మందలించకపోవడానికి కారణం మా దాదా.

మా దాదా చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. పగలంతా తెలుగులో చిట్టా, ఆవర్జా రాసేవారు. అస్ర్ నమాజు తరువాత ఇంటి అరుగు మీద కూర్చొని ఉర్దూ పత్రిక చదివేవారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, వేలూరు వర్తకులు వస్తే అరవం. చిత్తూరు ముస్లిముల ఇళ్ళలో ఇది వింతేమీ కాదు.

ఆయన చదివే పత్రిక పేరు 'ముసల్మాన్'. 1927లో మద్రాసులో సయ్యద్ అజ్మతుల్లా గారు స్థాపించిన దినపత్రిక అది. ఆ ఏడాది మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ గారు దానిని ప్రారంభించారు. ట్రిప్లికేన్ హైరోడ్డులోని చిన్న కార్యాలయం నుంచి నాలుగు పుటలతో వెలువడేది. ఆ నాలుగు పుటలను కాతిబులు కలంతో, సిరాతో చేత్తో రాసేవారు. రాసిన పుటను ఫోటో తీసి, దాని నుంచి అచ్చు వేసేవారు. చివరి క్షణంలో వచ్చే వార్త కోసం మొదటి పుటలో కొంత జాగా ఖాళీగా ఉంచేవారు. ఉర్దూ పత్రికలు ఒకదాని తరువాత ఒకటి కంప్యూటర్ అక్షరాలకు మారిపోయినా ఈ పత్రిక మాత్రం కాతిబులను వదులుకోలేదు.

అది సాయంకాల పత్రిక కనుక మాకు తపాలాలో మరునాడో, ఆ మరునాడో అందేది. "పాత వార్తలే కదా దాదా?" అంటే, "వార్తలు రేడియోలో విన్నాన్లేరా, ఇది రాత చూడటానికి" అనేవారు. నిజంగానే చూసేవారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, 'నూన్' అక్షరం కడుపు ఈ పుటలో ఎంత నిండుగా ఉందో, ఆ పుటలో ఎలా పలచబడిందో చూపేవారు. ఇద్దరు కాతిబుల పేర్లు తెలియకపోయినా వారి చేతివాటం పోల్చుకోగలిగేవారు. "ఈ రోజు ఇతనికి ఒంట్లో బాగా లేదు" అన్నారొకసారి, ఒక వరుస కాస్త కిందికి వాలడం చూసి. అది నిజమో కాదో నాకు తెలియదు. కాని ఉర్దూ చదవడం నాకు ముందుగా వచ్చింది మదరసాలో కాదు, ఆ అరుగు మీదే.

చదవడం పూర్తయ్యాక పత్రిక అంచుల్లో ఆయన కూడా రెండు ముక్కలు రాసేవారు. ఆనాటి బెల్లం ధర, వీధిలో ఎవరికైనా బిడ్డ పుడితే ఆ సంగతి, ఎవరైనా పోతే "ఇన్నా లిల్లాహి", షాబాన్ చివర నెలవంక కనిపించిందా లేదా. ఆ పత్రికలను కట్టలు కట్టి రేకు పెట్టెలో దాచేవారు.

1990లో దూరదర్శన్‌లో 'ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్' ధారావాహిక మొదలైంది. సంజయ్ ఖాన్ టిప్పు పాత్ర ధరించారు. భగవాన్ గిద్వానీ రాసిన నవల దానికి ఆధారం. మా ఇంట్లో టీవీ లేదు. దాదా పక్కింటి మాస్టారు గారి ఇంటికి వెళ్ళేవారు. ఆ ఇంట్లో ఎవరికీ హిందూస్తానీ అంతగా అర్థం కాదు కనుక దాదా సంభాషణలను ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పేవారట. ఇది కల్పితగాథ అనే ప్రకటన తెర మీద పడితే దానినీ చదివి చెప్పేవారట. మాస్టారి గారు ఆయన కోసం ప్రత్యేకంగా ఒక వాలుకుర్చీ వేయించారు.

దాదాకు ఆ ధారావాహిక మీద అంత మక్కువకు మరో కారణం ఉంది. హైదర్ అలీ కన్నుమూసింది మా చిత్తూరు పక్కనే, నరసింగరాయనిపేట దగ్గరి దండు విడిదిలో, 1782 డిసెంబరు 7న. వీపు మీద లేచిన రాచపుండు ఆయన ప్రాణం తీసింది. టిప్పు అప్పుడు మలబారు తీరాన యుద్ధంలో ఉన్నారు. ఆయన వచ్చేవరకు సైన్యం చెదిరిపోకుండా ఉండాలని పూర్ణయ్య మొదలైన వారు మరణవార్తను గోప్యంగా ఉంచారు. భౌతికకాయాన్ని పెట్టెలో ఉంచి కోలారుకు పంపారు. తరువాత శ్రీరంగపట్నం గుంబజ్‌లో ఖననం చేశారు. ఈ కథ దాదా మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. "ఆ భాగం వచ్చినప్పుడు మన చిత్తూరు పేరు చెబుతారా, చెప్పరా?" అన్నది ఆయన ప్రశ్న.

నేను అప్పుడు తమిళనాడులోని ఒక మదరసాలో చదువుతున్నాను. ఇరవై ఏళ్ళ వయసు, నాలుగు కితాబులు చదివిన గర్వం. రంజాన్ సెలవులకు ఇంటికి వచ్చాను. దాదా టోపీ సర్దుకొని పక్కింటికి బయలుదేరుతుంటే గుమ్మంలో నిలబడి, "రంజాన్ నెలలో, ఈ వయసులో, బొమ్మలు చూడటానికి వెళతారా? నలుగురూ నన్నేమనుకోవాలి?" అన్నాను. గొంతు పెంచే అన్నాను. దాదీమా వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడిపోయింది. దాదా ఏమీ అనలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు. ఆ తరువాత ఎన్నడూ వెళ్ళలేదు.

వారం తిరిగాక మాస్టారు గారు వీధిలో నన్ను ఆపి, "మీ తాతగారికి ఒంట్లో బాగాలేదా బాబూ? ఆయన లేకపోతే మాకు సగం మాటలు తెలియడం లేదు" అన్నారు. నేనేదో చెప్పి తప్పించుకున్నాను.

అదే ఏడాది చలికాలంలో దాదా పోయారు. టెలిగ్రాం నా చేతికి అందేసరికి మరునాడు మధ్యాహ్నమైంది. నేను చిత్తూరు చేరేసరికి జనాజా నమాజు, ఖననం అన్నీ అయిపోయాయి. ధారావాహిక ఇంకా సాగుతూనే ఉంది. అల్లాహ్ ఆయనను మన్నించుగాక.

దృశ్యమాధ్యమం విషయంలో ధర్మపండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాటి మీద తీర్పు చెప్పడానికి నేనిది రాయడం లేదు. నా బాధ వేరు. పండుగ రోజున మస్జిదులో హబషీలు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హజ్రత్ ఆయిషా (రజి)కు అడ్డుగా నిలబడి, ఆమె స్వయంగా చాలనుకునేవరకు చూడనిచ్చారన్న హదీసును నేను ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఈటెల ఆట గురించి, మస్జిదు మర్యాద గురించి విద్యార్థులకు వివరించేవాణ్ణి. ఆమెకు విసుగు వచ్చేవరకు ఆయన నిలబడే ఉన్నారన్న మాట దగ్గర ఎన్నడూ ఆగలేదు. చాలా కాలం తరువాత ఒక రోజు తరగతిలో అక్కడికి వచ్చేసరికి నోట మాట రాలేదు. పిల్లలు నాకు దగ్గు వచ్చిందనుకొని నీళ్ళు తెచ్చారు.

సీరత్ గ్రంథాలలో మరొక సంగతి ఉంది. కాబా నీడలో అబ్దుల్ ముత్తలిబ్ గారి కోసం పరిచిన ఆసనం మీద ఆయన కొడుకులు కూడా కూర్చునేవారు కారు. చిన్నారి మనవడు వచ్చి కూర్చుంటే మాత్రం వారించనివ్వక, వీపు నిమిరేవారట. ఆ తాతగారు పోయేనాటికి దైవప్రవక్తకు ఎనిమిదేళ్ళు. మా దాదా మండీలో తాను కూర్చునే పరుపు మీద నన్ను కూర్చోబెట్టేవారు. నేను ఆయనను వాలుకుర్చీలోంచి లేపేశాను.

అన్నదమ్ములం ఇల్లు పంచుకున్నప్పుడు రేకు పెట్టె నా వంతుకు వచ్చింది. 1410 రంజాన్ నెల పత్రికల్లో ఒకదాని అంచున, ఆనాటి బెల్లం ధర కింద దాదా చేతిరాత కనిపించింది: "ఈ రోజు వెళ్ళలేదు. పిల్లవాడు వద్దన్నాడు. చదువుకున్నవాడు."

అందులో కోపం ఉందా, గర్వం ఉందా అని ఎన్నోసార్లు చదివి చూశాను. ఆయన కాతిబుల రాతను పోల్చుకున్నట్లు ఆయన రాతను పోల్చుకోవడం నాకు చేతకాలేదు. వరుస మాత్రం వాలలేదు, తిన్నగానే ఉంది.

మొన్న రాత్రి భోజనాల తరువాత ఆ పత్రికను మనవడికి చూపించాను. వాడు అచ్చు ఉర్దూను కూడబలుక్కొని చదువుతాడు, చేతిరాత చదవలేడు. నేనే తెలుగులో చెప్పాను.

"ఆ పిల్లవాడు ఎవరు, దాదా?"

"నేనే."

వాడు కాసేపు ఆలోచించి, "మరి ఆయన చూడాలనుకున్నది చూడనే లేదా?" అన్నాడు.

ఇప్పుడు వారానికొక భాగం ఇద్దరం కలిసి చూస్తున్నాము. వాడికి అర్థం కాని మాటలు నేను తెలుగులో చెబుతున్నాను. హైదర్ అలీ మరణించే భాగం ఇంకా రాలేదు.