పేజీ లోడింగ్ వేగం: ఏఐ వెబ్‌సైట్ బిల్డర్లను పోల్చే విధానం

విక్స్, ఫ్రేమర్ వంటి ఏఐ బిల్డర్లు కొద్ది నిమిషాల్లోనే వెబ్‌సైట్‌ను తయారుచేస్తాయి. వాటిలో ఏది వేగవంతమైనది? వాటి నమూనా పేజీలను తెరిచి చూసి నిర్ణయించడం సరికాదు. ఒకదానిలో పెద్ద ఫొటోలు, మరొకదానిలో అక్షరాలు మాత్రమే ఉంటే, మనం పోల్చింది పేజీలను; బిల్డర్లను కాదు.

అందువల్ల ఒకే పాఠ్యం, ఒకే చిత్రాలతో రెండింటిలోనూ పేజీ తయారుచేయాలి. తెలుగు సైటుకైతే తెలుగు పాఠ్యంతోనే పరీక్షించాలి. తెలుగు ఫాంటు లోడయ్యే సమయం ఇంగ్లిషు పేజీలో లెక్కకు రాదు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ పరీక్షను ఐదుసార్లు జరిపి, ఫలితాల మధ్యగతం తీసుకోవాలి. ఎందుకంటే స్కోరు ప్రతిసారీ కొంత మారుతుంది.

గూగుల్ ప్రమాణాల ప్రకారం పేజీలోని ప్రధాన అంశం 2.5 సెకన్లలోపు కనిపించాలి. లోడయ్యేటప్పుడు అంశాలు స్థానం మారడాన్ని కొలిచే సూచిక 0.1 మించరాదు. తాకినప్పుడు స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి. ఈ మూడవది ప్రయోగ పరీక్షలో తేలదు. నిజమైన వాడుకరుల 28 రోజుల సమాచారంలోనే తెలుస్తుంది. ఈ ప్రమాణాలను కనీసం 75 శాతం సందర్శనలు అందుకోవాలి.

దరఖాస్తు గడువు చివరి రోజున, పాత ఫోనుతో పల్లెలో ఉన్న విద్యార్థికి పేజీ తెరుచుకుంటుందా? ఈ కొలతలన్నీ ఆ ప్రశ్న కోసమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక్కసారి వచ్చిన స్కోరుతో బిల్డర్‌ను ఎందుకు ఎంచుకోరాదు?