ఊరికి మార్కులెలా వెయ్యాలి?

ఏటా ఎవరో ఒకరు నగరాలకు ర్యాంకులు ప్రకటిస్తారు. మన ఊరు పైనుంటే సంబరపడతాం, కిందుంటే చిన్నబుచ్చుకుంటాం. ఏ నగరం పదికాలాల పాటు నిలుస్తుందో, ఏది మనవల వాటా నీళ్లు ఇప్పుడే తాగేస్తోందో తెలుసుకోవాల్సిందే. ర్యాంకు చూడగానే మాత్రం రెండు సంగతులు అడగండర్రా. దేన్ని దేనితో భాగించారు? ఊరి పొలిమేర ఎక్కడ గీశారు?

ముందు భాగహారం. అమెరికాలో అట్లాంటా, స్పెయిన్‌లో బార్సిలోనా ఉన్నాయి. 1990 ప్రాంతంలో మొదటిదాంట్లో 25 లక్షల మంది, రెండోదాంట్లో 28 లక్షల మంది. అట్లాంటా పరుచుకున్న నేల 4,280 చదరపు కిలోమీటర్లు, బార్సిలోనాది 162. విశాలంగా, చెట్లమధ్య ఉండడం మంచిదే కదా తాతయ్యా అంటారు మీరు. మరి బడికీ, కొట్టుకీ, ఆఫీసుకీ ఎలా వెళ్తారు? బార్సిలోనాలో నూటికి అరవై మందికి మెట్రో స్టేషను 600 మీటర్లలోపే దొరికేది. అట్లాంటాలో 800 మీటర్లలోపు స్టేషను ఉన్నది నూటికి నలుగురికే. తక్కినవాళ్లకు కారే గతి. అక్కడివాళ్లకూ బార్సిలోనా అంత దగ్గరగా మెట్రో రావాలంటే ఇంకో 3,400 కిలోమీటర్ల పట్టాలు, 2,800 స్టేషన్లు కావాలని ఆలెన్ బెర్టో అనే నగర ప్రణాళిక నిపుణుడు లెక్కగట్టాడు. అయ్యే పని కాదది! అందుకే రాకపోకల పొగ అట్లాంటాలో తలకి ఏడాదికి ఏడున్నర టన్నులైతే, బార్సిలోనాలో టన్నులోపే. తలకెన్ని చెట్లని అడిగితే ఒక ఊరికి మార్కులు, తలకెంత పొగని అడిగితే ఇంకో ఊరికి.

ఇక పొలిమేర. 2007లో చుట్టుపక్కల పన్నెండు మునిసిపాలిటీలను కలుపుకొని హైదరాబాదు కార్పొరేషను గ్రేటర్ హైదరాబాదు కార్పొరేషను (జీహెచ్‌ఎంసీ) అయ్యింది. 170 పైచిలుకు చదరపు కిలోమీటర్ల కార్పొరేషను ఒక్కసారిగా 600 దాటింది. ఇలా పొలాలూ తోపులూ లోపలికొచ్చినప్పుడు, ఒక్క మొక్క నాటకుండానే ఊరు పచ్చబడినట్టు కాగితం మీద కనిపించవచ్చు.

1990ల్లో కెనడాలో విలియం రీస్, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్నాగెల్ ఆ పొలిమేరనే పక్కన పెట్టేశారు. ఊరు తినే తిండికీ, వాడే కలపకీ, వదిలే పొగను పీల్చుకోవడానికీ మొత్తం ఎంత నేల కావాలో చూశారు. పర్యావరణ పాదముద్ర అంటే ఇదే. 2002లో లండన్‌కి ఈ లెక్క వేస్తే నగరం విస్తీర్ణానికి 293 రెట్ల నేల తేలింది.

మన ఇంటి లెక్కా చూద్దాం. హైదరాబాదుకు నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తాయి. సాగర్ నిండినప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. నగరం ఉన్నది సుమారు 540 మీటర్ల ఎత్తున. వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. టన్ను బరువును 360 మీటర్లు ఎత్తడానికి 35 లక్షల జౌళ్లు కావాలి. ఒక యూనిట్ కరెంటంటే 36 లక్షల జౌళ్లు. అంటే వెయ్యి లీటర్లకు దాదాపు ఒక యూనిట్. పంపుల్లో, పైపుల్లో పోయేది అదనం. ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్లు. నలుగురున్న ఇంటికి రెండురోజులకు వెయ్యి దాటుతుంది. ఆ యూనిట్ మన ఇంటి మీటర్లో తిరగదు, ఎక్కడో పంపుహౌసు మీటర్లో తిరుగుతుంది.

నగరాలను పోల్చడానికి 2014లో ఐఎస్‌ఓ 37120 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. తలసరి ఎన్ని లీటర్లు వాడారో అందులో అడుగుతారు. ఆ నీళ్లు ఎంత దూరం నుంచి, ఎంత లోతు నుంచి తెచ్చారన్నదీ పక్కనే రాయించాలని నా పట్టుదల. ఎందుకంటే నీళ్లన్నీ ఎత్తిపోస్తేనే వచ్చేవి కావు. హైదరాబాదులోనే 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట చెరువు నీళ్లు పల్లానికి వాటంతటవే పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్ల దాకా వచ్చేలా కాలువ కట్టారు. ఆ చెరువుకు నీరు చేర్చే నేలలో కట్టడాలను అదుపులో పెట్టడానికే 1996లో 111 జీవో తెచ్చారు. అక్కడ వాగులు పూడ్చి లేఅవుట్లు వేస్తే గండిపేటకు తగ్గే ప్రతి వెయ్యి లీటర్లకూ బదులు సాగర్ నుంచి ఎత్తాలి, మళ్లీ ఇంకో యూనిట్ కాల్చాలి. ఆ యూనిట్లన్నీ కూడి హైదరాబాదు మార్కుల్లోంచి తీసెయ్యాలి.