భద్రతా పాఠంలో కర్త ఎవరు?

వేలమంది పనిచేసేచోట భద్రతా శిక్షణ ఏర్పాటు చేయడం ఇంజనీర్ల వ్యవహారమనీ, సాహిత్యకారులకు దానితో పనిలేదనీ చాలాకాలం నేనూ అనుకున్నాను. ఒక బొగ్గుగనిలోని శిక్షణ పాఠాన్ని తేలిక తెలుగులోకి మార్చిపెట్టమని కార్మిక సంఘ మిత్రులు అడిగినప్పుడు ఆ అభిప్రాయం పోయింది.

అందులో దాదాపు ప్రతి వాక్యమూ 'కార్మికుడు జాగ్రత్త వహించవలెను' అన్నదే. కప్పుకు బోల్టులు, ప్రాపులు ఎవరు పెట్టించాలి? గాలి చాలనప్పుడు పని ఎవరు ఆపించాలి? యాజమాన్యం ఏ వాక్యానికీ కర్త కాదు. ప్రమాదం జరిగాక తప్పును మృతుడి మీదికి నెట్టడానికి ఆ పాఠమే సాక్ష్యమవుతుంది.

గనికైనా ఫ్యాక్టరీకైనా ఇదే సమస్య. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడేనాటికి, ఆ రసాయనాన్ని చల్లగా ఉంచే యంత్రాన్ని ఆపేసి ఉంచారు. లీకైన వాయువును కాల్చేసే గోపురం పనిలో లేదు. ఎంత మంచి పాఠమైనా ఆ లోటు తీర్చలేదు. శిక్షణ రక్షణకు తోడేగాని బదులు కాదు. ఆ దుర్ఘటన తరువాతే, 1987లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి కార్మికులకు సమాన ప్రాతినిధ్యం గల భద్రతా కమిటీలనూ, ముంచుకొచ్చే ప్రమాదం గురించి హెచ్చరించే హక్కునూ చేర్చారు.

మరి వేలమందికి శిక్షణ ఎలా? ఉపన్యాసం పెట్టి హాజరు పుస్తకంలో సంతకాలు చేయించడం శిక్షణ కాదు. పనిని బట్టి, షిఫ్టును బట్టి పాతికమంది చొప్పున విడదీయాలి. జీతమున్న పనిగంటల్లోనే జరపాలి. కాంట్రాక్టు కార్మికులను వదిలేయకూడదు. ప్రతి జట్టుకూ అనుభవం పండిన కార్మికుడొకడు బోధకుడు కావాలి. గని కప్పును కర్రతో తట్టి, గట్టి మోతకూ డొల్ల మోతకూ తేడా వినిపించగలవాడు అతడే. నేర్చుకున్నవాడు తానే తట్టి చెప్పాలి, పరీక్ష అదే. డొల్ల మోత వినిపిస్తే 'నేను ముందుకు పోను' అనగలగాలి. అన్నందుకు ఆనాటి మస్టరు పోకూడదు.

నేను పాఠాన్ని ఇలా తిరగరాశాను: 'కప్పుకు దన్ను పెట్టించే బాధ్యత యాజమాన్యానిది. పెట్టకపోతే దాని కిందికి వెళ్ళవద్దు.' మార్పు చిన్నదే, కాని మాట్లాడే వర్గం మారింది.

కథలో కార్మికుడి చావును 'ప్రమాదవశాత్తూ' అని రాసేముందు మనమూ ఒక్కక్షణం ఆగి, ఆ వాక్యానికి కర్త ఎవరో వెతకాలి.