సెల్ ఫోనులో డేటా వ్యయము – దాని తీరు, పొదుపు

పూర్వము విద్యార్థి నెలసరి వ్యయములో పుస్తకములు, బస్సు పాసు, హాస్టలు భోజనము ముఖ్యమైన పద్దులు. నేడు వాటి సరసన సెల్ ఫోను రీఛార్జి అను మరియొక పద్దు చేరినది. కొన్న పుస్తకము ఏండ్ల తరబడి నిలుచును. డేటా మాత్రము ఏ పూటకు ఆ పూట కరగిపోవును. "నేనేమియు చూడలేదు, అయినను డేటా అయిపోయినది" అను మాట తరగతి గదులలో తరచుగా వినవచ్చుచున్నది. ఆ మాటలో సత్యము లేకపోలేదు. మనము చూడకయే డేటా వ్యయమగుట ఎట్లో, దానిని అరికట్టుట ఎట్లో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన పిదప మన దేశమున డేటా ధరలు బాగుగా తగ్గినవి. అంతకు ముందు నెలకొక గిగాబైటుతో సరిపుచ్చుకొనినవారు దినమునకొక గిగాబైటును, అంతకు మించియు వాడుట నేర్చినారు. 2024 జూలైలో ప్రధాన కంపెనీలు తమ ధరలను పెంచినవి. అలవాటు పెరిగిన తరువాత ధర పెరుగుట సామాన్య కుటుంబమునకు భారమే. కనుక ఈ విషయము వినోదమునకు సంబంధించినది మాత్రమే కాదు, ఇంటి ఆదాయ వ్యయములకు సంబంధించినది.

మొదట కొలతలు తెలిసికొనవలెను. వేయి బైట్లు ఒక కిలోబైటు, వేయి కిలోబైట్లు ఒక మెగాబైటు, వేయి మెగాబైట్లు ఒక గిగాబైటు. నేడు ఎక్కువగా వాడుకలోనున్న పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు 1 బైటు, ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు, తెలుగు అక్షరమునకు 3 బైట్లు పట్టును. గుణింతము చేరిన 'కా' వంటి దానికి 6 బైట్లు కావలెను. ఇది చూచి మన భాష బరువైనదని బెంగపడ నక్కరలేదు. ఈ వ్యాసమంతయు ఫోనులో పంపినను సుమారు 30 కిలోబైట్లు మాత్రమే. ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రము 3 మెగాబైట్లున్నచో, అది ఇట్టి నూరు వ్యాసములకు సమానము. అనగా అక్షరము తేలిక, చిత్రము బరువు, కదలెడి చిత్రము మరింత బరువు.

ఇక వేగమును బైట్లలో గాక బిట్లలో చెప్పుదురు. 8 బిట్లు ఒక బైటు. ఈ ఒక్క సూత్రము తెలిసినచో ఎవరి లెక్క వారు వేసికొనవచ్చును. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున వచ్చు వీడియోను గంటసేపు చూచినచో 900 మెగాబైట్లు వ్యయమగును. దినమునకు 1.5 గిగాబైట్లు గల విద్యార్థికి అది గంటా నలుబది నిమిషములతో సరి. అదే పాఠమును సెకనుకు అర మెగాబిట్టు చొప్పున చూచినచో గంటకు 225 మెగాబైట్లు. ఆరు గంటల నలుబది నిమిషములు చూడవచ్చును. చిత్రము లేకుండ 64 కిలోబిట్ల ధ్వనిగా వినినచో గంటకు 29 మెగాబైట్లకు మించదు. పాఠమొక్కటే, వ్యయము వేరు.

వీడియో నాణ్యతను 360, 720, 1080 అను అంకెలతో సూచింతురు. ఇవి తెరపై నిలువునగల చుక్కల వరుసల సంఖ్యలు. 360 నుండి 1080కి పోయినచో అంకె మూడింతలే అయినను, అడ్డమునను నిలువునను చుక్కలు పెరుగుట వలన మొత్తము చుక్కలు తొమ్మిదింతలగును. అరచేతియంత తెరపై నల్లబల్ల మీది అక్షరములు చదువుటకు ఇన్ని చుక్కలు అవసరమా అని ఆలోచింపవలెను.

ఇక్కడ ఒక అపోహను తొలగించుట యుక్తము. 2022 అక్టోబరులో మన దేశమున 5జి సేవలు ఆరంభమైనప్పటి నుండి "వేగము పెరిగినచో డేటా త్వరగా తరుగును" అని కొందరు భావించుచున్నారు. వేగము తనంతట తాను డేటాను తినదు. 10 మెగాబైట్ల పుస్తకము ఏ వేగమున వచ్చినను 10 మెగాబైట్లే. కాని నాణ్యతను 'ఆటో'గా వదలినచో, దారి వెడల్పుగా ఉన్నదని గ్రహించి యాప్ తనంతట తానే ఉన్నతమైన నాణ్యతను ఎన్నుకొనును. వ్యయము పెరుగుటకు కారణమిది.

ఇప్పుడు ముఖ్య విషయమునకు వత్తము. మనము అడిగి తెప్పించుకొనునది ఒకటి, అడుగకయే వచ్చునది మరియొకటి. వాట్సాప్ గ్రూపులలో ఎవరో పంపిన చిత్రములు మనము తెరువక మునుపే ఫోనులో దిగును. పొట్టి వీడియోల యాప్‌లు మనము ఒకటి చూచుచుండగానే తరువాతి వానిని ముందుగా తెచ్చి పెట్టును. మనము వేలితో దాటవేసినను తెచ్చినంతవరకు మన పద్దులో పడును. మనము తీసిన ఛాయాచిత్రములను దూరమున భద్రపరచెడి యాప్‌లు వానిని మన డేటాతోనే పైకి పంపును. పంపినదియు లెక్కలోనిదే. యాప్‌ల నవీకరణలు, ప్రకటనలు వీనికి తోడు. ఉర్దూలో "ఖత్రా ఖత్రా దరియా బన్ జాతా హై" అందురు. ఇక్కడ బొట్టు బొట్టుగా ఏరు నిండుట లేదు, కుండ ఖాళీ యగుచున్నది.

చిల్లు ఎక్కడనో తెలియక కుండకు మాటు వేయలేము. కనుక మొదటి పని కొలుచుట. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరచి డేటా వినియోగమను భాగమును చూచినచో, ఏ యాప్ ఎంత వాడినదో వరుసగా కనబడును. యాప్ పేరును తాకినచో తెర ముందర ఎంత, తెర వెనుక ఎంత అను విభజన కూడ తెలియును. ఐఫోనులో మొబైల్ డేటా భాగమున ఇట్టి పట్టికయే ఉన్నది. వారము దినములు రాత్రిపూట ఈ పట్టికను నోటు పుస్తకమున వ్రాసికొనుడు. సాధారణముగా రెండు మూడు యాప్‌లే అధిక భాగమును మింగుచున్నట్లు తేలును.

పిదప చేయవలసినవి స్వల్పము. వాట్సాప్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాపై మీడియా తనంతట తాను దిగుటను ఆపవలెను. ప్లే స్టోరులో నవీకరణలను వై-ఫైకి పరిమితము చేయవలెను. యూట్యూబ్‌లో మొబైల్ నెట్‌వర్కునకు 'డేటా సేవర్' నాణ్యతను ఎన్నుకొనవలెను. అవసరము లేని యాప్‌లకు తెర వెనుక డేటాను నిలిపివేయవలెను. 2016 నాటి ఆండ్రాయిడ్ 7 నుండి 'డేటా సేవర్', 2019 నాటి ఐఓఎస్ 13 నుండి 'లో డేటా మోడ్' అను ఏర్పాట్లు ఉన్నవి. ఇంతియే కాని, డేటా మిగులునను భ్రమతో యాప్‌ల 'క్యాష్'ను పదే పదే తుడిచివేయరాదు. క్యాష్ అనగా ఒకసారి తెచ్చినదానిని మరల తేకుండుటకై దాచిన నిలువ. దానిని తుడిచినచో అదే సరుకును మరల మన డేటాతో తేవలసివచ్చును.

ఒకే రీఛార్జితో అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు చదువుకొను ఇండ్లు మనలో అనేకము. అన్న ఫోనులోని హాట్‌స్పాట్ తెరచి చెల్లెలు లాప్‌టాప్‌పై పాఠము వినును. అట్టి సమయమున లాప్‌టాప్ దానిని వై-ఫై గానే ఎంచును. వై-ఫై దొరికినదని తన పెద్ద పెద్ద నవీకరణలను దింపుకొనుట ఆరంభించును. పాఠము సగములో ఉండగనే డేటా తీరిపోవును. దీనికి విరుగుడు, విండోస్‌లో ఆ వై-ఫై పేరుకు 'మీటర్డ్ కనెక్షన్' అను గుర్తు పెట్టుట. ఇది చేయుటకు రెండు నిమిషములు చాలును.

దినపు డేటా తీరిన పిదప అనేక పథకములలో వేగము సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోవును. విద్యార్థి ఉపకారవేతనపు దరఖాస్తుతో 2 మెగాబైట్ల ఆదాయ ధ్రువపత్రమును ఈ వేగమున పంపవలసి వచ్చినచో, ఏ ఆటంకము లేకున్నను 250 సెకనులు, అనగా నాలుగు నిమిషములకు పైగా పట్టును. ఈలోగా పుట గడువు ముగిసిపోయినచో పని మరల మొదటికి వచ్చును. అది గడువు చివరి రాత్రి అయినచో, ఉదయము ఎవరో పంపిన పెండ్లి వీడియోల మూల్యము ఒక ఏటి ఉపకారవేతనము కావచ్చును. పొదుపు అనగా పిసినారితనము కాదు; అవసరమునకు మిగిలియుండునట్లు చూచుకొనుట.

ఈ విషయమున కళాశాల కమిటీ వారికి కూడ ఒక విన్నపము. నోటీసులను కాగితముపై వ్రాసి, ఛాయాచిత్రము తీసి గ్రూపులలో పంపుట పలుచోట్ల వాడుక. నస్తాలీఖ్ లిపి అందము చెడకుండుటకై ఉర్దూ ప్రకటనలను చిత్రములుగా పంపువారును కలరు. నూరు పదముల తెలుగు ప్రకటనను అక్షరములుగా పంపినచో 3 కిలోబైట్లు. 300 కిలోబైట్ల చిత్రముగా పంపినచో నూరింతలు. 500 మంది విద్యార్థులకు కలిపి లెక్కించినచో ఒక్క నోటీసుకే 150 మెగాబైట్లు. అక్షరరూపమున ఉన్నదానిని వెదకుట, నకలు తీసికొనుట సులభము. చూపు లేని విద్యార్థికి ఫోను చదివి వినిపింపగలదు. ఉర్దూ, తెలుగు రెండింటిలోను నోటీసులను అక్షరములుగానే పంపి, గ్రంథాలయమున పాఠములు దింపుకొనుటకు దినమునకు కొంత సమయము వై-ఫై సౌకర్యము కల్పించినచో, పేద విద్యార్థులకు చేసిన గొప్ప సహాయమగును.

యంత్రము మన సేవకుడు. అయితే సేవకునికి సంచి అప్పగించి లెక్క అడుగని యజమాని త్వరలోనే చేతులు ఖాళీ చేసికొనును. విద్యార్థినీ విద్యార్థులు నేటి రాత్రియే తమ ఫోనులోని డేటా పట్టికను ఒకసారి తెరచి చూతురని ఆశించుచున్నాను.