వేడెక్కిన ట్రాన్సిస్టర్ చెప్పిన పాఠం

బిలాస్‌పూర్ రైల్వే పట్టణానికి రాత్రింబవళ్ల భేదం లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది అనుభవైకవేద్యమే. రాత్రంతా బొగ్గు రైలు నడిపి వేకువన ఇల్లు చేరిన లోకో పైలట్ నిద్రించవలసిన గదిలోనే, పరీక్షకు చదువుకోవలసిన బిడ్డ కూడా ఉండవచ్చు. అటువంటి ఇంట కాంతిని కావలసినంత మేరకే వెలిగించుకోవడం విలాసం కాదు, అవసరం.

ఈ ఉద్దేశంతో పన్నెండవ తరగతి విద్యార్థి ఒకరు తయారుచేసిన దీపాన్ని మేము పరిశీలించాము. 12 వోల్టుల ఎల్.ఇ.డి. పట్టీ, బీడీ139 ట్రాన్సిస్టర్, ఆర్డుయినో ఊనో బోర్డు అందులోని ప్రధాన భాగాలు. బోర్డులోని మైక్రోకంట్రోలర్ వోల్టేజిని తగ్గించదు. దీపాన్ని సెకనుకు సుమారు 490 సార్లు వెలిగించి ఆర్పుతుంది. వెలిగి ఉండే వ్యవధిని బట్టి కాంతి హెచ్చుతగ్గులు కలుగుతాయి. ఆ విరామాలను కన్ను గుర్తించలేదు.

దీపం వెలిగినది గాని పూర్తి కాంతి రాలేదు. ట్రాన్సిస్టర్ చేయి పెట్టలేనంతగా వేడెక్కినది. కొత్తది మార్చినా ఫలితం లేకపోయినది.

భాగాలు మార్చడానికి ముందు కొలవడం ఉత్తమం. బోర్డు గ్రౌండు, 12 వోల్టుల సరఫరా యొక్క ఋణ ధ్రువం కలిసి ఉన్నవో లేవో మొదట చూశాము. అవి కలవకపోతే బేస్ కరెంటుకు తిరుగుదారి ఉండదు. ఇక్కడ ఆ లోపం లేదు. తరువాత దీపాన్ని పూర్తి కాంతిలో ఉంచి కలెక్టర్, ఎమిటర్ల మధ్య కొలిచాము. అర వోల్టు మించకూడని చోట 2 వోల్టులు కనిపించినవి. ప్రవహిస్తున్న కరెంటు 0.3 ఆంపియర్లు. అనగా 0.6 వాట్ల శక్తి వేడిగా మారుతున్నది.

కారణం బేస్ వద్ద ఉన్నది. 1000 ఓముల రెసిస్టర్ ద్వారా అందే కరెంటు 4.3 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. పట్టీకి కావలసినది 500. అందులో పదోవంతు, అంటే 50 మిల్లీ ఆంపియర్లు బేస్‌కు అందితేనే ఈ స్విచ్ పూర్తిగా తెరుచుకుంటుంది. మైక్రోకంట్రోలర్ పిన్నుకు గరిష్ఠ పరిమితి 40. రెసిస్టర్‌ను తగ్గించి ట్రాన్సిస్టర్‌ను కాపాడబోతే బోర్డు దెబ్బతినగలదు.

కనుక ఐ.ఆర్.ఎల్.జడ్.44ఎన్ అనే మాస్‌ఫెట్‌ను అమర్చాము. పిన్నుకు, గేటుకు మధ్య 220 ఓములు. బోర్డు మేల్కొనే క్షణంలో దీపం ఆరి ఉండుటకై గేటు నుండి గ్రౌండుకు 10,000 ఓములు. గేటుకు 5 వోల్టులు అందగానే దీని నిరోధం సుమారు 0.025 ఓములకు దిగుతుంది. వృథా అయ్యే శక్తి 6 మిల్లీ వాట్లు మాత్రమే. కొనేటప్పుడు పేరులోని ‘ఎల్’ అక్షరం చూడాలి. ‘ఎఫ్’ అక్షరం గల దాని సోదరభాగం పూర్తిగా తెరుచుకొనుటకు గేటు వద్ద 10 వోల్టులు కావాలి.

ఒక హెచ్చరిక: ఈ అమరిక 12 వోల్టులకే పరిమితం. ఇంటి 230 వోల్టుల దీపాలకు దీనిని ఎన్నడూ జోడించరాదు.

బొగ్గు రైళ్లను లాగే డబ్ల్యు.ఏ.జి.-9 ఇంజనులో కూడా మోటార్లకు అందే శక్తిని నియంత్రించేది అర్ధవాహక స్విచ్చుల ఆన్-ఆఫ్ క్రియయే. తొలి ఇంజన్లలో జి.టి.ఓ. థైరిస్టర్లు, తరువాతి వాటిలో ఐ.జి.బి.టి.లు ఆ పని చేస్తున్నవి. పరిమాణం ఏదైనా సూత్రం ఒకటే: స్విచ్ పూర్తిగా తెరుచుకోవాలి, లేదా పూర్తిగా మూసుకోవాలి.