నవజాత శిశువుకు రాత్రివేళ లంగోటీలు మార్చడం

పుట్టిన నాటి నుండి 28 రోజుల లోపు వయసు గల శిశువును నవజాత శిశువు అంటారు. శిశువు మలమూత్రాలను పీల్చుకొనుటకు నడుము క్రింద చుట్టే మెత్తని గుడ్డను హైదరాబాదు ప్రాంతంలో లంగోటీ అని, కొన్ని ఇళ్ళలో న్యాప్‌కిన్ అని వ్యవహరిస్తారు. ఒకసారి వాడి పారవేసే రకాన్ని డైపరు అంటారు. రాత్రివేళ వీటిని మార్చడం బాలింత ఉన్న ప్రతి ఇంటిలోనూ జరిగే పని. ఇది శుభ్రతకు సంబంధించినది మాత్రమే కాదు. శిశువుకు పాలు సరిపోతున్నవో లేదో, కామెర్ల వంటి వ్యాధులు ముదురుతున్నవో లేదో మొదటగా తెలిపేవి తడిసిన లంగోటీలే. ఈ వ్యాసంలో హైదరాబాదు తూర్పు భాగాన గల సైదాబాదు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పరిసరాల పరిస్థితులు ఉదాహరణగా తీసుకొనబడినవి.

రాత్రి మార్చవలసిన అవసరం

నవజాత శిశువుకు రాత్రి, పగలు అనే తేడా తెలియదు. ఈ తేడాను గుర్తించే శరీర వ్యవస్థ సుమారు రెండు, మూడు నెలల వయసులో రూపొందుతుంది. అంతవరకు శిశువు రెండు మూడు గంటలకు ఒకసారి, అనగా రోజుకు 8 నుండి 12 సార్లు పాలు త్రాగుతుంది. పాలు కడుపులో పడగానే పెద్దప్రేగు కదలడం సహజం. కావున చాలామంది శిశువులు పాలు త్రాగుతూనే విరేచనం చేస్తారు. ఇది అజీర్ణం కాదు.

మూత్రం, మలం కలిసి చర్మానికి ఎక్కువసేపు తగిలి ఉంటే ఒరుపు ఏర్పడుతుంది. మూత్రంలోని యూరియా నుండి అమ్మోనియా పుడుతుంది. దాని వలన చర్మంపై క్షారగుణం పెరుగుతుంది. ఆ స్థితిలో మలంలోని ఎంజైములు చురుకై చర్మాన్ని దెబ్బతీస్తాయి. తడిసిన గుడ్డ రాపిడి కూడా తోడవుతుంది. అందువలన కేవలం మూత్రం కంటే మలం కలిసిన లంగోటీ ఎక్కువ హాని చేస్తుంది.

ఎప్పుడు మార్చాలి

దీనికి వైద్యులు చెప్పే నియమం సులభమైనది.

• విరేచనం అయినచో శిశువు నిద్రలో ఉన్నా వెంటనే మార్చాలి.
• గుడ్డ లంగోటీ తడిసినచో ప్రతిసారీ మార్చాలి. గుడ్డ తడిని చర్మానికి దూరంగా ఉంచలేదు. చలికాలంలో తడిగుడ్డ శిశువు ఒంటి వేడిని కూడా లాగివేస్తుంది.
• డైపరులో మూత్రం మాత్రమే ఉండి, చర్మం ఆరోగ్యంగా ఉంటే, నిద్రపోతున్న శిశువును లేపనవసరం లేదు. తరువాత పాలిచ్చే సమయంలో మార్చవచ్చును.
• ఒరుపు ఉన్న శిశువుకు డైపరు కొద్దిగా తడిసినా మార్చడం మంచిది.

పాలు పట్టిన వెంటనే కాళ్ళు పైకెత్తి మార్చితే కొందరు శిశువులు పాలు కక్కుతారు. కాబట్టి పాలకు ముందుగాని, ఒక రొమ్ము పాలు త్రాగి రెండవ దానికి మారే మధ్యలోగాని మార్చడం అనుకూలం. రెండవ రొమ్ము త్రాగుతూ శిశువు మరల నిద్రలోకి జారుకుంటుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

అర్ధరాత్రి వెదుకులాట వలన తల్లికీ బిడ్డకూ నిద్ర చెడుతుంది. పడుకునే ముందే ఈ వస్తువులను మంచం ప్రక్కన చేతికి అందేలా పెట్టుకోవాలి.

• మడిచి ఉంచిన లంగోటీలు ఎనిమిది లేక పది, లేదా డైపర్లు నాలుగు
• రబ్బరు షీటు, దానిపై పరచుటకు పొడిగుడ్డ
• ఫ్లాస్కులో గోరువెచ్చని నీరు, శుభ్రమైన దూది
• మార్చుటకు ఒక జత బట్టలు
• మూత గల బకెట్టు
• కరెంటు పోయినచో వాడుటకు టార్చి లైటు

మార్చే విధానం

1. చేతులు సబ్బుతో కడుక్కొని తుడుచుకోవాలి. ఫ్యాను లేదా కూలరు గాలి శిశువుకు నేరుగా తగలకుండా చూడాలి. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గడం మామూలే. అటువంటప్పుడు పై బట్టలు విప్పకుండా నడుము క్రింది భాగాన్ని మాత్రమే తెరవాలి.
2. శిశువును చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టాలి. మంచం అంచున ఉంచి ప్రక్కకు తిరుగరాదు. నేలపై పరచిన చాప అన్నిటికంటే క్షేమకరం.
3. మగశిశువుకు లంగోటీ విప్పగానే గాలి తగిలి మూత్రం చిమ్మవచ్చును. పైన ఒక పొడిగుడ్డ కప్పి ఉంచాలి.
4. గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో ముందు నుండి వెనుకకు తుడవాలి. ఆడశిశువుకు ఇది తప్పనిసరి. వెనుక నుండి ముందుకు తుడిస్తే మలంలోని సూక్ష్మక్రిములు మూత్రమార్గంలోకి చేరతాయి.
5. కాళ్ళు పట్టి గట్టిగా పైకి లాగరాదు. పిరుదుల క్రింద అరచేయి పెట్టి మెల్లగా ఎత్తాలి.
6. తొడల ముడతలు పూర్తిగా ఆరిన తరువాతనే కొత్తది వేయాలి. దానిని బొడ్డు క్రిందికి మడవాలి. బొడ్డుతాడు సాధారణంగా ఒకటి నుండి మూడు వారాలలో ఎండి రాలిపోతుంది. అంతవరకు దానికి మూత్రపు తడి తగలరాదు.
7. నడుము వద్ద రెండు వ్రేళ్ళు దూరేంత వదులు ఉంచాలి.
8. తిరిగి చేతులు కడుక్కోవాలి.

ఈ పని చేయునపుడు దీపం మందంగా ఉంచి, మాటలు తగ్గిస్తే శిశువు త్వరగా నిద్రపోతుంది. పౌడరు చల్లే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. కానీ ఆ పొడి శ్వాసతో పాటు శిశువు ఊపిరితిత్తులలోకి చేరే ప్రమాదం ఉన్నందున వైద్యులు వద్దంటారు. ఒరుపు మొదలైతే జింకు ఆక్సైడు గల లేపనం పలుచగా పూయవచ్చును. రెండు మూడు రోజులలో తగ్గకపోయినా, ముడతలలో ఎర్రని పొక్కులు కనిపించినా అది శిలీంధ్రం వలన కావచ్చును. అపుడు వైద్యునికి చూపించాలి.

లంగోటీలను లెక్కించడం

శిశువు మొదటి రోజున ఒకటి రెండు సార్లు మాత్రమే మూత్రం పోయవచ్చును. పాలు పెరిగిన కొద్దీ ఈ సంఖ్య పెరుగుతుంది. ఐదారు రోజుల వయసు నుండి 24 గంటలలో కనీసం ఆరుసార్లు తడిస్తే పాలు సరిపోతున్నట్లు భావిస్తారు. మొదటి రెండు రోజుల మలం నలుపు కలిసిన ఆకుపచ్చ రంగులో జిగటగా ఉంటుంది. నాలుగైదు రోజులకు అది పసుపు రంగుకు మారుతుంది.

పూర్వం పాత నూలుచీరలను చింపి లంగోటీలు చేసేవారు. చీరతో కట్టిన ఉయ్యాలలో శిశువు మూత్రం పోస్తే క్రిందకు చుక్కలు కారి వెంటనే తెలిసేది. డైపరు వచ్చిన తరువాత నిద్ర పెరిగింది. కానీ అది మూడు నాలుగు సార్ల మూత్రాన్ని పీల్చుకొని పైకి పొడిగా కనిపిస్తుంది. కావున లెక్క తెలియకుండా పోతుంది. దీనికి ఒక ఉపాయం కలదు. పొడి డైపరులో రెండు నుండి నాలుగు పెద్ద చెంచాల నీరు పోసి, చేతితో బరువు చూడాలి. ఒకసారి బాగా తడిసిన డైపరు సుమారు అంత బరువు ఉంటుంది. ప్రతి మార్పునూ ఒక కాగితంపై గీతగా గుర్తించుకుంటే ఉదయానికి లెక్క తేలుతుంది.

రంగును మాత్రం జీరో బల్బు వెలుగులో నమ్మరాదు. ఎర్రని రాత్రి దీపం క్రింద పసుపు, తెలుపు ఒకేలా కనిపిస్తాయి. అనుమానం ఉన్న లంగోటీని ప్రక్కన ఉంచి తెల్లవారిన తరువాత పగటి వెలుగులో చూడాలి. ఆడశిశువుకు మొదటి వారంలో కొద్దిగా రక్తపు మరక కనిపించడం తల్లి హార్మోనుల ప్రభావం వలన జరుగుతుంది. అది దానంతట అదే తగ్గుతుంది.

వైద్య సహాయం అవసరమైన లక్షణాలు

• పుట్టిన 24 గంటలలో మలం గాని, మూత్రం గాని రాకపోవడం
• మొదటి వారం తరువాత రోజుకు ఆరు కంటే తక్కువసార్లు తడవడం
• నాలుగైదు రోజుల తరువాత కూడా ఇటుకపొడి రంగు మరకలు పడడం
• కళ్ళు, ఒళ్ళు పచ్చబడిన శిశువు మూత్రం గుడ్డకు ముదురు పసుపు మరక వేయడం
• మలం సున్నపు ముద్దవలె తెల్లగా లేదా పాలిపోయి ఉండడం
• పాలు త్రాగకపోవడం, ఒళ్ళు చల్లబడడం లేదా కాలడం

వీటిలో తెల్లని మలం ముఖ్యమైనది. పైత్యరస నాళాలు మూసుకుపోయే వ్యాధికి ఇది గుర్తు కావచ్చును. ఈ వ్యాధికి చేసే శస్త్రచికిత్స మొదటి రెండు నెలల లోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. కాబట్టి లంగోటీని గమనించడంలో జరిగే ఆలస్యం శిశువు కాలేయానికి నష్టం కలిగిస్తుంది.

2005 లో ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ రాత్రివేళ కూడా పనిచేస్తుంది. హైదరాబాదులో పిల్లల చికిత్సకు పేరొందిన ప్రభుత్వ వైద్యశాల నీలోఫర్ ఆసుపత్రి. 2011 లో ప్రారంభమైన గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం క్రింద, ఆసుపత్రిలో పుట్టిన శిశువును ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 వ రోజులలో ఇంటికి వచ్చి చూడాలి. లంగోటీల లెక్క వ్రాసిన కాగితం ఆమెకు చూపడం ఉపయోగకరం.

బాలింతపై భారం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు శస్త్రచికిత్స ద్వారా జరిగినవి. కడుపు మీద కుట్లతో ఉన్న తల్లి రాత్రి నాలుగైదు సార్లు వంగి లేవడం కష్టం. పాలు తల్లి మాత్రమే ఇవ్వగలదు, కానీ లంగోటీని ఎవరైనా మార్చవచ్చును. పుట్టింట పురుడు పోసుకున్నపుడు ఈ పని అమ్మమ్మపై పడుతుంది. దంపతులు మాత్రమే ఉండే ఇళ్ళలో తండ్రి లంగోటీ మార్చి, బిడ్డను పాలకు అందించి, తరువాత తిరిగి పడుకోబెట్టడం మంచి ఏర్పాటు. నిద్రలేమి బాలింతలలో కలిగే మానసిక కుంగుబాటును పెంచుతుంది. ఎడతెగని దుఃఖం, నిరాశ ఉంటే 2022 లో ప్రారంభమైన టెలీ మానస్ (14416) ద్వారా ఉచితంగా సలహా పొందవచ్చును.

ఉతకడం, ఆరవేయడం

మలం అంటిన గుడ్డను ముందుగా చన్నీటిలో జాడించి, తరువాత సబ్బుతో ఉతకాలి. సబ్బు గాని, క్రిమిసంహారక ద్రవం గాని మిగిలితే చర్మం మండుతుంది కనుక రెండు మూడు నీళ్ళలో పిండాలి. నల్లా నీరు రోజూ రాని చోట్ల ఇందుకు నీటిని ముందుగా పట్టి ఉంచుకోవాలి. ఎండలో ఆరవేయడం ఉత్తమం. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానల వలన అపార్టుమెంటు బాల్కనీలలో గుడ్డలు త్వరగా ఆరవు. అపుడు ఇస్త్రీ చేసి తడి పూర్తిగా పోయేలా చేయాలి. రెండు డజన్ల లంగోటీలు ఉంటే ఇబ్బంది ఉండదు. పగలు గుడ్డలు, రాత్రి డైపరు వాడడం నగరంలో అనేకులు అనుసరించే మధ్యే మార్గం.

డైపరు చరిత్ర

అమెరికాకు చెందిన మేరియన్ డోనోవన్ 1940 దశకంలో లంగోటీపై వేసే నీరు కారని తొడుగును తయారు చేసి, 1951 లో దానిపై పేటెంటు పొందింది. 1961 లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ పాంపర్స్ అనే పారవేసే డైపరును విపణిలోకి తెచ్చింది. 1980 దశకంలో తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచే పాలిమరు చేర్చడంతో డైపర్లు పలుచబడినవి. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో హైదరాబాదులోని పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రిలో ప్రారంభించిన కేసీఆర్ కిట్‌లో సబ్బు, దోమతెర, బట్టలతో పాటు న్యాప్‌కిన్లు, డైపర్లు కూడా ఉండేవి.

వాడిన డైపర్ల పారవేత

డైపరులోని ప్లాస్టిక్ మట్టిలో త్వరగా కలిసిపోదు. దానిని మరుగుదొడ్డిలో వేస్తే గొట్టం మూసుకుపోతుంది. 2016 నాటి కేంద్ర ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన డైపర్లను పారిశుద్ధ్య వ్యర్థాలుగా గుర్తించి, వాటిని విడిగా పొట్లం కట్టి ఇవ్వాలని ఆదేశించినవి. మలాన్ని మరుగుదొడ్డిలోకి దులిపి, డైపరును కాగితంలో చుట్టి చెత్తబండికి ఇవ్వాలి. లేనిచో చెత్తను చేతులతో వేరుచేసే కార్మికులకు అంటువ్యాధులు సోకే ప్రమాదం ఉంది.

ఇవి కూడా చూడండి

• శిశువు
• తల్లిపాలు
• పచ్చకామెర్లు
• నీలోఫర్ ఆసుపత్రి
• సైదాబాదు